మహజబీన్ నుంచి మీనాకుమారి దాకా

సినిమా తార జీవితం మన వార్షిక సంచికలో ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చు. మేమూ ఆ మాట ఆలోచించాము. అయినా రాయాలనే నిశ్చయించుకున్నాము. మీనాకుమారి పేరు వినని ఇల్లు మనలో అరుదు. ఆమె ఏడిస్తే హాల్లో కూర్చున్న ఆడవాళ్ళంతా కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. దుఃఖాల రాణి అని ఆమెకు పేరు పెట్టారు. ఆ పేరే ఎక్కువగా ప్రచారమైంది. ఆ పేరు వెనక ఒక పని చేసే మనిషి ఉన్నది. ఆరేళ్ళయినా నిండకముందే సంపాదన మొదలుపెట్టి, ముప్ఫై ఎనిమిదేళ్ళకు కన్నుమూసేదాకా పని చేసిన మనిషి ఆమె. అంత సంపాదించిన ఆమెకు, తన సంపాదన మీద తనకు అధికారం ఎన్నేళ్ళు ఉన్నది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఆమె జీవితం చదివితే, తెర మీద చూసిన కన్నీళ్ళకు వేరే అర్థం తోస్తుంది.

పుట్టుక, ఇల్లు

మీనాకుమారి అసలు పేరు మహజబీన్ బానో. చంద్రుడి వంటి నుదురు గలది అని ఆ పేరుకు అర్థం. 1933 ఆగస్టు 1వ తేదీన బొంబాయిలో పుట్టింది. ఇంట్లో మున్నా అని పిలిచేవారు. తండ్రి అలీ బక్ష్ గారిది పంజాబు. హార్మోనియం వాయించేవారు, సంగీతం నేర్పేవారు, ఉర్దూలో కవిత్వం రాసేవారు, చిన్న చిన్న సినిమాలకు పాటలు కట్టేవారు. తల్లి ఇక్బాల్ బేగం. పెళ్ళికి ముందు ఆమె పేరు ప్రభావతి. రంగస్థలం మీద నటించి, నాట్యం చేసిన మనిషి. ఇద్దరూ కళ తెలిసిన వాళ్ళే. కళ ఉన్నది గాని ఇంట్లో పొయ్యి రోజూ వెలుగుతుందన్న నమ్మకం లేదు.

మహజబీన్‌కు ముందు ఖుర్షీద్ అనే అక్క ఉన్నది. తర్వాత మధు అని పిలిచే మహ్లిఖా పుట్టింది. ముగ్గురూ ఆడపిల్లలే. రెండోసారి కూడా ఆడపిల్లే పుట్టిందని, ప్రసవం చేసిన డాక్టరుకు ఫీజు ఇచ్చుకోవడానికి కూడా డబ్బు లేదని తండ్రి దిగులుపడ్డాడట. పసిగుడ్డును తీసుకెళ్ళి ఒక ముస్లిం యతీంఖానా మెట్ల మీద వదిలేసి వచ్చాడని, కొన్ని గంటలకే మనసు ఒప్పక తిరిగి వెళ్ళి బిడ్డను ఎత్తుకొచ్చాడని చెబుతారు. ఆమె జీవితం రాసిన వాళ్ళంతా ఈ సంగతి చెప్పకుండా ముందుకు పోలేదు. ఆ తండ్రిని తిట్టడం సులువే. కాని లేమిలో ఉన్న ఇంట్లో ఆడపిల్ల పుడితే ఇంటిల్లిపాది మొహాలు ఎలా మాడిపోతాయో మనకు తెలియని సంగతి కాదు. ఏ బిడ్డ భారమని తోచిందో ఆ బిడ్డే తర్వాత ఆ ఇంటిల్లిపాదినీ పోషించింది.

బేబీ మీనా

వాళ్ళ ఇల్లు దాదర్‌లో స్టూడియోల పక్కనే ఉండేది. ముగ్గురు పిల్లలనూ తల్లిదండ్రులు స్టూడియోల చుట్టూ తిప్పేవారు. ప్రకాశ్ పిక్చర్స్ సంస్థకు చెందిన విజయ్ భట్ గారు మహజబీన్‌ను చూసి తన లెదర్‌ఫేస్ చిత్రంలో వేషం ఇచ్చారు. అది 1939లో విడుదలైంది. మొదటి రోజు పనికి ఆమెకు ముట్టింది 25 రూపాయలు. ఆ రోజుల్లో ఆ ఇంటికి అది చిన్న డబ్బు కాదు.

ఆ 25 రూపాయలతో ఆ పిల్ల బాల్యం అయిపోయిందనే చెప్పాలి. 1940లో వచ్చిన ఏక్ హీ భూల్ చిత్రానికి విజయ్ భట్ గారే ఆమెకు బేబీ మీనా అని పేరు పెట్టారు. 1941లో మహబూబ్ ఖాన్ గారి బహెన్‌లో నటించింది. తోటి పిల్లలు పలకా బలపం పట్టుకుని బడికి వెళ్ళే వేళకు ఈమె మొహానికి రంగు వేయించుకుని దీపాల వేడిలో నిలబడేది. నాకు సినిమాలు వద్దు, బడికి పోతాను అని ఇంట్లో అడిగేదని చెబుతారు. అడిగినా వినే స్థితి ఆ ఇంట్లో లేదు. బడి చదువు సక్రమంగా సాగలేదు. దొరికిన సమయంలో ఇంటి దగ్గర, స్టూడియోలో ఒక మూల కూర్చుని ఉర్దూ చదవడం, రాయడం నేర్చుకుంది. తర్వాత హిందీ, ఇంగ్లీషు కూడా కొంత వచ్చాయి. ఈ కాస్త చదువే చివరిదాకా ఆమెకు తోడున్నది. ఆ సంగతి ముందు చెబుతాము.

1946లో బచ్చోం కా ఖేల్ చిత్రంతో బేబీ మీనా కాస్తా మీనాకుమారి అయింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. ఆ మరుసటి ఏడు, 1947 మార్చిలో తల్లి పోయింది. అప్పటికి పిల్లల సంపాదనతో కుటుంబం బాంద్రాలో ఇంటికి చేరింది. తల్లి ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండనే లేదు.

తర్వాత నాలుగైదేళ్ళు మీనాకుమారి పౌరాణికాల్లో, జానపదాల్లో నటించింది. వీర్ ఘటోత్కచ్ (1949), శ్రీ గణేశ్ మహిమ (1950), లక్ష్మీ నారాయణ్ (1951), హనుమాన్ పాతాళ్ విజయ్ (1951), అల్లాదీన్ ఔర్ జాదుయీ చిరాగ్ (1952) ఆ వరుసలోవి. ఇంట్లో మహజబీన్‌గా నమాజు నేర్చుకున్న పిల్ల తెర మీద పురాణ కథల్లో కనిపిస్తే జనం చేతులు జోడించారు. ఆమె ఏ మతం పిల్ల అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఒక వేషం తక్కువనీ ఒకటి ఎక్కువనీ చూడలేదు. ఇచ్చిన పనిని నిష్ఠగా చేసింది.

ప్రమాదం, నికాహ్

1951 మే నెలలో మహాబలేశ్వరం నుంచి బొంబాయి వస్తుండగా ఆమె కారు ప్రమాదానికి గురైంది. ఎడమ చేతికి పెద్ద దెబ్బ తగిలింది. పూనాలో ససూన్ ఆసుపత్రిలో చాలాకాలం ఉంది. ఆ చేతి చిటికెన వేలు ఇక బాగుపడలేదు. ఈసారి ఆమె సినిమా చూసేటప్పుడు గమనించండి. ఆ ఎడమ చెయ్యి చీర కొంగు చాటునో, దుపట్టా మడతలోనో ఉంటుంది. ఇరవై ఏళ్ళపాటు లక్షల మంది ఆమెను చూశారు. ఆ లోపాన్ని పట్టుకున్నవాళ్ళు బహు తక్కువ.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు తరచు చూడడానికి వచ్చినవారు కమాల్ అమ్రోహీ గారు. మహల్ (1949) చిత్రంతో పెద్ద పేరు తెచ్చుకున్న రచయిత, దర్శకుడు. గొప్ప ఉర్దూ తెలిసిన మనిషి. అంతకుముందే తమాషా చిత్రం సెట్టు మీద అశోక్ కుమార్ గారు వీరిద్దరికీ పరిచయం చేశారు. కవిత్వమంటే ప్రాణం పెట్టే పిల్లకు అటువంటి మనిషి మాట తీరు నచ్చడంలో వింత లేదు. 1952 ఫిబ్రవరి 14న ఎవరికీ తెలియకుండా నికాహ్ జరిగింది. ఆమెకు పద్దెనిమిదేళ్ళు, ఆయనకు ముప్ఫై నాలుగు. ఆయనకు అంతకుముందే భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు.

నికాహ్ అయిన తర్వాత కూడా ఆమె తండ్రి ఇంట్లోనే ఉంది. సంగతి బయటపడ్డాక ఇంట్లో గొడవలు. తండ్రి ఆమెను మహబూబ్ ఖాన్ గారి అమర్ చిత్రంలో నటించమన్నాడు. ఆమె అది వదులుకుని భర్త తీస్తున్న దాయిరాలో నటించడానికి వెళ్ళింది. తర్వాత అమర్‌లో ఆ పాత్ర మధుబాల వేశారు. దాయిరా షూటింగు నుంచి తిరిగి వస్తే పుట్టింటి తలుపు తెరుచుకోలేదు. 1953 ఆగస్టులో ఆమె భర్త ఇంటికి చేరింది. పుట్టింట్లో తండ్రి చేతికి అందే సంపాదన ఇక భర్త ఇంటికి మళ్ళింది. సంపాదించే చెయ్యి మాత్రం అదే.

పేరు, బహుమతులు

మీనాకుమారిని పెద్ద నటిగా నిలబెట్టిన చిత్రం బైజూ బావ్‌రా. 1952లో వచ్చింది. తీసినది ఎవరో కాదు, ఆనాడు 25 రూపాయలిచ్చి మొదటి వేషం వేయించిన విజయ్ భట్ గారే. నౌషాద్ గారి సంగీతం దేశమంతా మోగింది. 1954లో ఫిలింఫేర్ బహుమతులు మొదటిసారి ఇచ్చినప్పుడు ఉత్తమ నటి బహుమతి ఈ చిత్రానికే మీనాకుమారికి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొట్టమొదటి నటి ఆమె. మరుసటి ఏడు బిమల్ రాయ్ గారి పరిణీతకు మళ్ళీ ఆమెకే ఇచ్చారు. శరత్ బాబు నవలలు తెలుగులో చదివి పెరిగిన మన వాళ్ళకు పరిణీతలోని లలిత గురించి చెప్పనక్కరలేదు. గొంతు పెంచకుండా, కళ్ళు దించుకుని, ఒక్కొక్క మాట ఆచితూచి పలికి ఆ పిల్ల మనసు చూపించింది.

మీనాకుమారికి ఏడుపు వేషాలే వచ్చునని అనుకునేవారు ఆజాద్ (1955), కోహినూర్ (1960) చూడాలి. రెండింటిలోనూ దిలీప్ కుమార్ గారి పక్కన నవ్వుతూ తుళ్ళుతూ నటించింది. ఆజాద్ తీసినది కోయంబత్తూరు పక్షిరాజా సంస్థ అధిపతి శ్రీరాములు నాయుడు గారు. ఆ కథనే ఆయన 1954లో ఎన్.టి. రామారావు, భానుమతి గార్లతో తెలుగులో అగ్గిరాముడుగా తీశారు.

మన తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి సంగతి మరొకటి ఉంది. 1955లో వచ్చిన మిస్సమ్మను ఎరగనివారు మనలో లేరు. అదే కథను ఎల్.వి. ప్రసాద్ గారు 1957లో హిందీలో మిస్ మేరీ పేరుతో తీశారు. తెలుగులో సావిత్రి గారు వేసిన మేరీ పాత్రను హిందీలో మీనాకుమారి వేసింది. ఉద్యోగం కోసం, అప్పు తీర్చడం కోసం, భార్యాభర్తలమని అబద్ధం చెప్పిన ఇద్దరు పంతుళ్ళ కథ అది. మీనాకుమారి పక్కన కథానాయకుడు జెమినీ గణేశన్ గారు. మన జమున గారు తెలుగులో వేసిన పాత్రనే హిందీలోనూ వేశారు. అదే ఏడు ఎల్.వి. ప్రసాద్ గారే రాజ్ కపూర్, మీనాకుమారిలతో శారద తీశారు. తెలుగులో ఇలవేల్పు (1956)గా వచ్చిన కథ అది. ప్రేమించిన మనిషికే విధివశాత్తు సవతి తల్లి కావలసి వచ్చిన స్త్రీ పాత్ర. కాస్త తప్పితే ఎబ్బెట్టుగా తయారయ్యే పాత్రను ఆమె గౌరవంగా నిలబెట్టింది. 1962 నాటి మై చుప్ రహూంగీ కథ కూడా తర్వాత 1969లో మూగనోముగా తెలుగులో వచ్చింది. మద్రాసులో తయారైన కథలకూ మీనాకుమారికీ ఇలా సంబంధం బాగా కుదిరింది.

ఛోటీ బహూ

1962లో వచ్చిన సాహిబ్ బీబీ ఔర్ గులాం ఆమె నటనకు శిఖరం. బిమల్ మిత్ర గారి బెంగాలీ నవల ఆధారం. గురుదత్ గారు నిర్మించారు, అబ్రార్ అల్వీ గారు దర్శకత్వం వహించారు. కలకత్తాలో చితికిపోతున్న జమీందారీ ఇల్లు. ఆ ఇంటి చిన్న కోడలు, ఛోటీ బహూ. భర్త రాత్రిళ్ళు నాట్యకత్తెల ఇళ్ళలో గడుపుతాడు. అతణ్ణి ఇంటిపట్టున ఉంచుకోవాలని, అతని కోరిక మీద, ఆ ఇల్లాలు తాగుడు మొదలుపెడుతుంది. చివరికి ఆ తాగుడు ఆమెను వదలదు. ఆ పాత్రను మీనాకుమారి వేసిన తీరు చూసి దేశం నివ్వెరపోయింది. బెర్లిన్ చలనచిత్రోత్సవానికి ఆ చిత్రాన్ని పంపారు.

1963లో ఫిలింఫేర్ ఉత్తమ నటి బహుమతికి ముగ్గురిని ఎంచవలసి ఉండగా మూడు పేర్లూ ఆమెవే అయ్యాయి. ఆర్తీ, మై చుప్ రహూంగీ, సాహిబ్ బీబీ ఔర్ గులాం. తనతో తానే పోటీ పడి ఛోటీ బహూకు గెలుచుకుంది. నాలుగో బహుమతి కాజల్ (1965) చిత్రానికి వచ్చింది. ఆ లెక్కను దాటడానికి నూతన్ గారికి 1979 దాకా పట్టింది.

తెర మీద ఛోటీ బహూ కథ నడుస్తున్న రోజుల్లోనే తెర వెనక మీనాకుమారి ఇల్లు చెదిరిపోతున్నది. నిద్ర పట్టని జబ్బు ఆమెకు చాలాకాలం నుంచి ఉంది. నిద్ర కోసమని ఒక డాక్టరు కొంచెం బ్రాందీ పుచ్చుకోమన్నాడని, అది క్రమంగా మందు స్థాయిని దాటిపోయిందని ఆమె చరిత్రకారులు రాశారు. వేషం కోసం తాగుడు నటించిన మనిషికి నిజంగానే ఆ అలవాటు పట్టుకోవడం ఎంత దారుణం! దీన్ని మేము కప్పిపుచ్చబోము, రసవత్తరమైన కథగానూ చెప్పబోము. అది జబ్బు. చివరికి ఆమె ప్రాణం తీసింది ఆ జబ్బే.

గీతలు, తలుపులు

భర్త ఇంట్లో ఆమెకు కొన్ని షరతులు ఉండేవి. సాయంత్రం ఆరున్నరకల్లా ఇల్లు చేరాలి. మేకప్ గదిలోకి మేకప్ మనిషి తప్ప మరెవరూ రాకూడదు. తన కారులోనే వెళ్ళి తన కారులోనే రావాలి. దేశంలో అందరికంటె పేరున్న నటి, ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న మనిషి, సాయంత్రం కాస్త ఆలస్యమైతే జవాబు చెప్పుకోవాలి. ఆమె పారితోషికం వ్యవహారాలు కూడా భర్త తరఫు వాళ్ళే చూసేవారు. అమ్రోహీ గారు చెడ్డ మనిషి అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన గొప్ప కళాకారుడు. మొఘల్-ఎ-ఆజం (1960) మాటల రచయితల్లో ఒకరు. భార్య పేరు తన పేరును మింగేస్తున్నదన్న బాధ ఆయనకూ ఉండి ఉండవచ్చు. అటువంటి బాధ మన మగవాళ్ళలో చాలామందికి తెలిసినదే. దానికి మందు ఆడమనిషి చుట్టూ గీత గీయడం కాదని మాత్రం అనగలము.

1964 మార్చిలో ఒక చిత్రం ముహూర్తం రోజున, ఆమె మేకప్ గదిలోకి కవి గుల్జార్ గారిని రానిచ్చిందన్న దాని మీద మాటా మాటా పెరిగి, భర్త తరఫు మనిషి ఆమె మీద చెయ్యి చేసుకున్నాడని చెబుతారు. ఆ రోజు ఆమె ఇంటికి తిరిగి వెళ్ళలేదు. నేరుగా చెల్లెలు మధు ఇంటికి వెళ్ళింది. మధు భర్త ప్రసిద్ధ హాస్యనటుడు మెహమూద్ గారు. పన్నెండేళ్ళ కాపురం అలా ముగిసింది. పదకొండేళ్ళ కిందట తండ్రి తలుపు మూసుకుంటే ఈమె భర్త ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు ఆ తలుపు ఈమే వేసుకుని వచ్చింది.

ఆ తర్వాత కూడా పని ఆగలేదు. 1966లో ఫూల్ ఔర్ పత్థర్ పెద్ద విజయం సాధించింది. అప్పటికి ఇంకా నిలదొక్కుకోని ధర్మేంద్ర గారికి ఆ చిత్రం గట్టి పునాది వేసింది. కొత్తగా వచ్చిన నటుల పక్కన నటించడానికి ఆమె వెనకాడేది కాదు. కాని ఆరోగ్యం పాడైపోతూ వచ్చింది. కాలేయం చెడింది. 1968లో లండన్ వెళ్ళి, కాలేయ జబ్బుల్లో ప్రపంచ ప్రసిద్ధురాలైన డాక్టర్ షీలా షెర్లాక్ గారి దగ్గర వైద్యం చేయించుకుంది. కొంత కోలుకుని తిరిగి వచ్చాక బాంద్రాలో కార్టర్ రోడ్డు మీద, సముద్రం ఎదుట, తన డబ్బుతో ఒక ఫ్లాటు కొనుక్కుంది. ముప్ఫై ఏళ్ళు పని చేసిన తర్వాత తనదని చెప్పుకోగలిగిన మొదటి ఇల్లు అది. అందులో ఆమె ఉన్నది మూడు నాలుగేళ్ళే.

పాకీజా

భార్యాభర్తలు విడిపోయినా ఒక పని వాళ్ళ మధ్య సగంలో నిలిచిపోయింది. అది పాకీజా. 1956లో దానికి ముహూర్తం జరిగింది. ముందు నలుపు తెలుపుల్లో మొదలుపెట్టి, తర్వాత రంగుల్లోకి, ఆ తర్వాత సినిమాస్కోపులోకి మార్చారు. 1964లో వాళ్ళు విడిపోవడంతో చిత్రం ఆగిపోయింది. ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ గారు 1967లో పోయారు. సంగీత దర్శకుడు గులాం మొహమ్మద్ గారు 1968లో పోయారు. మొదట నాయకుడుగా అనుకున్న అశోక్ కుమార్ గారికి వయసు మీద పడి వేరే పాత్ర ఇవ్వవలసి వచ్చింది. ఆ చిత్రం ఇక పూర్తి కాదనే అందరూ అనుకున్నారు.

సునీల్ దత్, నర్గీస్ దంపతులు తీసినంత మేరకు చూసి, ఇది ఆగిపోకూడదని ఇద్దరికీ నచ్చజెప్పారు. 1969 మార్చిలో మీనాకుమారి మళ్ళీ ఆ సెట్టు మీదికి వచ్చింది. పారితోషికంగా ఒక్క బంగారు గినీ మాత్రం తీసుకున్నదని ప్రసిద్ధి. జబ్బు మనిషి. నిలబడితే అలిసిపోయేది. కష్టమైన నాట్యాల్లో దూరం నుంచి తీసినవి పద్మా ఖన్నా గారు చేశారు. మొహం కనిపించే చోట, మాట పలికే చోట మాత్రం ఆమే నిలబడింది. విడిచి వచ్చిన భర్త సినిమా అది. ఆమె వదిలేసినా అడిగేవాళ్ళు లేరు. అయినా చేసింది. చేపట్టిన పని సగంలో వదిలేయడం ఆమెకు అలవాటు లేదు.

పాకీజా కథ కూడా ఆలోచించదగినదే. కోఠాలో పుట్టి పెరిగిన సాహిబ్‌జాన్ అనే స్త్రీ, మర్యాదగల ఇంటి గడప తొక్కడానికి పడే ఆరాటం అది. పాట వినడానికి వచ్చే మర్యాదస్థులు ఆమెను ఇంటికి మాత్రం రానివ్వరు. పాకీజా అంటే పవిత్రురాలు అని అర్థం. నాట్యం చేసి బతికిన తల్లి కడుపున పుట్టిన మీనాకుమారికి ఆ ఆరాటం తెలియనిది కాదు.

1972 ఫిబ్రవరి 4న పాకీజా విడుదలైంది. మొదట్లో జనం అంతగా రాలేదు. మార్చి చివర ఆమె జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరింది. మార్చి 31న కన్నుమూసింది. ఆ తర్వాత పాకీజా ఆడిన హాళ్ళ ముందు జనం విరగబడ్డారు. ఆమె దేహాన్ని బొంబాయి మజ్‌గాఁవ్‌లోని రహమతాబాద్ ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత, 1993లో, అమ్రోహీ గారు పోయినప్పుడు ఆయన్ను కూడా ఆ ఖబరస్తాన్‌లోనే ఆమె సమీపాన ఉంచారు.

నాజ్

పలకా బలపం లేకుండా నేర్చుకున్న ఆ ఉర్దూ సంగతి ముందు చెబుతామన్నాము. మీనాకుమారి షాయరీ రాసేది. తఖల్లుస్ నాజ్. నిద్ర రాని రాత్రుల్లో నోటుపుస్తకాల నిండా రాసుకునేది. 1971లో ఆమె తన గజళ్ళను తన గొంతుతోనే చదవగా ఖయ్యాం గారు సంగీతం కూర్చి గ్రామఫోను రికార్డుగా తెచ్చారు. పోయేముందు తన రాతలన్నీ గుల్జార్ గారికి అప్పగించింది. ఆయన వాటిని పుస్తకంగా తీసుకువచ్చారు. ఆయన దర్శకత్వం వహించిన మొదటి చిత్రం మేరే అప్నే (1971)లో ముసలమ్మ వేషం వేసినది కూడా ఆమే. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, అందాన్ని పక్కన పెట్టి, తెల్ల జుట్టు పెట్టుకుని కనిపించడానికి ఏ కథానాయిక ఒప్పుకుంటుంది?

ఆమె సంపాదించిన డబ్బు ఎక్కడెక్కడికో పోయింది. అందం జబ్బుతో పోయింది. ఎవరి చేతికీ చిక్కనిది, ఎవరూ లెక్క అడగనిది ఆ రాత ఒక్కటే. దాన్ని ఆమెకు ఇచ్చింది దొంగచాటుగా దొరికిన ఆ కాస్త చదువు.

2011 ఫిబ్రవరిలో తపాలా శాఖ ఆరుగురు కథానాయికల పేరిట తపాలా బిళ్ళలు వేసింది. అందులో మీనాకుమారి ఉంది, మన సావిత్రి గారూ ఉన్నారు. మిస్సమ్మలో మేరీ ఒకరు, మిస్ మేరీలో మేరీ ఇంకొకరు. ఇద్దరూ చిన్నతనాన్నే నటనలోకి వచ్చారు. ఇద్దరూ ఎదుటివారికి ఇల్లు ఉన్న మనుషులతో పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ తాగుడు బారిన పడ్డారు. సావిత్రి గారు 1981లో పోయారు. ఇద్దరికీ తెర మీద చప్పట్లు కొట్టిన జనం లక్షలు. కష్టం వచ్చినప్పుడు తిన్నావా, నిద్రపోయావా, నీ డబ్బు నీ దగ్గర ఉందా అని అడిగిన వాళ్ళు ఎంతమంది?

మా ఇళ్ళలో తారలు లేరే అని పాఠకులు అనుకోవచ్చు. కుట్టుమిషను తొక్కి తమ్ముళ్ళను చదివించే అక్కలు ఉన్నారు. బీడీలు చుట్టి ఇంటి బియ్యం తెచ్చే పిల్లలు ఉన్నారు. టీచరు ఉద్యోగం చేసి నెల కాగానే జీతం కవరు తెరవకుండా అప్పగించే కోడళ్ళు ఉన్నారు. వాళ్ళు ఇంటికి అన్నం పెడుతున్నారని గర్వపడతాము. ఆ సంపాదనలో వాళ్ళకు ఒక పాలు ఉందని, వాళ్ళకూ ఒక పుస్తకం, ఒక బడి, ఒక నిద్ర కావాలని గుర్తు చేసుకోవడం అంతకంటె ముఖ్యం. ఏడేళ్ళ పిల్ల నేను బడికి పోతానని అడిగితే, ఆ ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా, ఆ మాటను వినడం మన అందరి బాధ్యత.

మీనాకుమారి సినిమా ఎక్కడైనా వస్తే చూడండి. ఆమె ఏడుపు కోసమే చూడకండి. దుపట్టా మడతలో దాచుకున్న ఆ ఎడమ చేతిని చూడండి. అన్ని దెబ్బలు తగిలినా తన పనిలో ఎక్కడా లోటు రానివ్వని ఆ మనిషిని చూడండి. మహజబీన్ బానోను అల్లా తన రహమత్‌లో ఉంచుగాక.